దేవుడి కుండలో బియ్యం

కృతజ్ఞతల ఆదివారం వచ్చిందంటే మా ఏలూరు చర్చిలో నన్ను లేపి నిలబెడతారు. ముసలి పంతులమ్మను కదా, రెండు మాటలు సాక్ష్యం చెప్పమంటారు. నేను లేచి, కళ్ళజోడు సవరించుకుని, ఏటా ఒకటే చెబుతాను. నన్ను పెంచింది సంఘమే, నాకు తిండి పెట్టింది సంఘమే, చదువు చెప్పించింది సంఘమే, స్తోత్రం. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అందరూ స్తోత్రం అంటారు, నేను కూచుంటాను. ఆ తిండి ఎలా పెట్టారో ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. వినడానికి బాగోకపోతే అది నా తప్పు కాదు.

మాది కొల్లేటి లంక. ఎండాకాలం ఏలూరు నుంచి ఎడ్లబండి వచ్చేది. వానలు పడి ఏరులన్నీ కొల్లేట్లో కలిశాయంటే తాటిదోనె తప్ప గతి లేదు. ఊళ్ళో రైతులూ, చేపలు పట్టేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఊరికి దిగువన, నీళ్ళు ముందుగా ఎక్కే చోట, మా మాదిగపేట. మా తాతల నాడు సగం పేట, మా నాన్నల నాడు మిగతా సగం బాప్తిస్మం తీసుకున్నారు. పేట మధ్యలో ఒక తాటాకు పాక. వారమంతా అది బడి, ఆదివారం గుడి. చూరుకి ఒక రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. దాన్ని తాడేపల్లిగూడెం నుంచి ఎవరో మోసుకొచ్చారట, అదే మా గంట. బడి చెప్పేదీ, వాక్యం చెప్పేదీ, ఆ గంట కొట్టేదీ అంతా ఒక్క పంతులుగారే. బల్ల, అంటే ప్రభువు రొట్టే ద్రాక్షరసమూ, ఇవ్వడానికి మాత్రం నెలకోసారి ఏలూరు నుంచి పాదిరి అయ్యగారు వచ్చేవారు.

మా పేటలో ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. అన్నానికి బియ్యం కడిగేముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. అది దేవుడి కుండ. ఆదివారం ఆ బియ్యం గుడికి పట్టుకెళ్ళి బల్ల ముందున్న గంపలో పోసేవాళ్ళు. అందులో సగం పంతులుగారి ఇంటికి పోయేది, ఆయన జీతం అదే. మిగతా సగం ఆ వారం ఎవరి పొయ్యి వెలగలేదో వాళ్ళకి. ఆరాధన చివర వాళ్ళని ముందుకి పిలిచి ఒళ్ళో పోసేవాళ్ళు. తీసుకున్నవాళ్ళు స్తోత్రం చెప్పి కూచునేవాళ్ళు. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, ఈ వారం నీ పొయ్యి ఆరితే వచ్చేవారం నాది. ఊళ్ళో మా నీడ పడితే నీళ్ళు పారబోసుకునేవాళ్ళ మధ్య బతికే మాకు, పేరు పెట్టి పిలిచి ఒళ్ళో బియ్యం పోసే చోటు ఒకటి ఉండటం ఎంత గొప్పో నేను మాటల్లో చెప్పలేను. అంత గొప్పది గనకనే దాన్ని తీసేసుకుంటే ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

మా అమ్మ పిడికెడు వేశాక బియ్యం పైన చదును చేసి వేలితో సిలువ గీసేది. అడ్డగీత కాస్త కుడివైపుకి ఒరిగి ఉండేది. పేటలో ఇంకెవరూ అలా గీసేవాళ్ళు కాదు. భక్తి ఎక్కువై గీసేదో, చెయ్యి పెట్టినవాళ్ళని పట్టుకోడానికి గీసేదో, మా అమ్మ విషయంలో ఆ రెండూ విడదీయడం కష్టం.

ఇక గొడవ డప్పుతో మొదలైంది. మా పెదనాన్నా, మా నాన్నా ఇద్దరూ డప్పు కొట్టేవాళ్ళు. పెదనాన్న డప్పు మోగిందంటే పక్క లంకవాళ్ళు దోనెలు కట్టుకుని వచ్చేవాళ్ళట. డప్పు జాతర్లది, విగ్రహాలది, బాప్తిస్మం తీసుకుంటే మానెయ్యాలన్నారు. పెదనాన్న నీళ్ళలోంచి లేచిన రోజే అందరి ముందూ తన డప్పు మంటలో వేశాడు. వేసినవాడు ఆ పక్కనే కూచుని ఏడ్చాడని మా అమ్మ చెప్పేది. తర్వాత సంఘప్పెద్ద అయ్యాడు. మా నాన్న తనది కొల్లేట్లో పారేశానన్నాడు. పారెయ్యలేదు, గోనెలో చుట్టి చూరులో దోపాడు.

అవి ముప్ఫైల నాటి రోజులు. ధాన్యం కొనేవాడు లేక, రైతులు కూలి ఇవ్వడానికి ఏడ్చేవాళ్ళు. ఆ ఎండాకాలం నెలరోజులు మా నాన్నకి పని లేదు. ఊళ్ళో జాతర వచ్చింది. డప్పు కొడితే రెండు కుంచాల బియ్యం ఇస్తామని కబురు చేశారు. మా నాన్న చూరులోంచి గోనె దింపాడు. ఆ మధ్యాహ్నం పెదనాన్న గుమ్మంలో తాడు పేనుకుంటున్నాడు. ఊరివైపు నుంచి నాలుగు దెబ్బలు వినపడగానే అది తమ్ముడి చెయ్యి అని పోల్చుకున్నాడు. పేనుతున్న తాడు పక్కన పెట్టి, మోత ఆగేదాకా కదలకుండా విన్నాడు. అది కోపంతో విన్నాడని అందరూ అన్నారు. నాకు ఏళ్ళు వచ్చాక ఇంకోలా అనిపించింది, కానీ దానివల్ల మాకు ఒరిగిందేమీ లేదు.

ఆదివారం మా నాన్నని గుడి గుమ్మం దగ్గర నిలబెట్టారు. నడుముకి కండువా కట్టుకుని, తప్పు చేశాను, క్షమించండి అనాలి. అంటే ఒక నెల బల్లకి దూరంగా ఉంచి కలుపుకునేవాళ్ళు. అది మామూలే.

"తప్పు చేశానని చెప్పరా," అన్నాడు పెదనాన్న.

"పిల్లలు పస్తున్నారన్నయ్యా. కొట్టాను. మళ్ళీ పస్తుంటే మళ్ళీ కొడతాను. అది తప్పని నా నోటితో నేనెలా చెప్పను?"

అంతే, వెలి పడింది. మారుమనసు కనపడేదాకా బల్ల లేదు, మా ఇంట్లో ప్రార్థన లేదు, నిప్పూ నీళ్ళూ ఇచ్చిపుచ్చుకోడాలు లేవు. అయ్యగారికి కాగితం రాసి పంపారు, ఆయన సరేనన్నారు. మా అమ్మ ఇవేవీ విననట్టు కుండ పట్టుకుని గంప దగ్గరికి నడిచింది. పెదనాన్న గంప మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది డప్పు కూలి. సంఘం పట్టదమ్మా."

అమ్మ కుండ ఎత్తుకుని వెనక్కొచ్చింది.  ఇంటికి రాగానే వంటకి వేరే బియ్యం చాటలోకి తీసి, అందులోంచి ఒక పిడికెడు కుండలో వేసి, చదును చేసి, సిలువ గీసింది. ఇంకెందుకే ఆ కుండ అన్నాడు నాన్న. "పట్టకపోతే వాళ్ళ ఇష్టం. నేను వేసేది వాళ్ళకి కాదు," అంది.

మా అమ్మ మొండితనం అలాంటిది. వారం తర్వాత వారం ఆ కుండ నెత్తిన పెట్టుకుని గుడికెళ్ళేది. గుమ్మం బయట ఎండలో నిలబడి పాటలన్నీ పాడేది, లోపలివాళ్ళకన్నా గట్టిగా పాడేది. గంప ఎత్తే వేళకి కుండ ముందుకి చాచేది. ఎవరూ అందుకునేవాళ్ళు కాదు. తిరిగి ఇంటికి తెచ్చేది. పంతులుగారి భార్య, పంతులమ్మగారు, తలదించుకునేవారు. వాళ్ళింట్లోనూ ఆ రోజుల్లో ఒంటిపూట వంటే, ఆ కుండలో బియ్యం వాళ్ళకీ పనికొచ్చేవే. ప్రతివారం ఖాళీ కావలసిన కుండ ఖాళీ కాక, నిండుతూ వచ్చింది. వానలు మొదలయ్యేసరికి కుంచెడు బియ్యం అయింది. అప్పటికి మా చాటలో బియ్యం అయిపోయాయి.

నాన్న తాడేపల్లిగూడెం వెళ్ళాడు. అక్కడ బియ్యం మిల్లుల్లో మూటలు మోసే పనుంటుందని ఎవరో చెప్పారు. తవుడు కొట్టుకుపోయిన ఒంటితోనైనా ఒక బస్తా పట్టుకొస్తానన్నాడు. అటు వెళ్ళాడో లేదో ఇటు కొల్లేరు పొంగింది. నాట్లు వేసిన చేలు ములిగాయి. పేట గుమ్మాల దాకా నీళ్ళు వచ్చాయి. మిట్టగా మిగిలింది రెండే రెండు, గుడిపాకా, దానికి కాస్త అవతల సమాధుల దిబ్బా.

కొల్లేట్లో చేపలుండగా పస్తులేమిటి అంటారు మా ఊళ్ళు చూడనివాళ్ళు. చేపలు తిన్నాం. నత్తలు తిన్నాం, తామరదుంపలు తవ్వుకుని తిన్నాం. అందుకే నేను బతికాను. కానీ మా చెల్లికి జ్వరం వచ్చింది. దానికి నాలుగేళ్ళు. జ్వరంలో అది చేప నోట పెడితే కక్కేసేది, దుంప పెడితే విరేచనాలు పట్టుకునేవి. దానికి కావలసింది జావ. గుక్కెడు బియ్యపు జావ. మంచమంటూ లేదు మాకు, చాప మీద పడుకునేది, చాప ఎదురుగా పొయ్యి, పొయ్యి పక్కన కుండ. రోజంతా అది ఆ కుండకేసే చూసేది. "అక్కా, అందులో ఉన్నాయి కదా," అనేది.

ఉన్నాయే. ఉన్నాయి కానీ అవి మనవి కావు. ఈ మాట నాలుగేళ్ళ పిల్లకి అర్థమయ్యేట్టు చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే నేను వాళ్ళ కాళ్ళకి మొక్కుతాను. దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటే ఇంటికి చావు వస్తుందని పంతులుగారే ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. మా అమ్మ ఆ మాటకి నిజంగానే భయపడింది. జ్వరంతో ఉన్న పిల్లని పెట్టుకుని చావుని ఇంటికి పిలుచుకోమంటావా అంది నాతో.

అయినా తల్లి కదా, ఆగలేకపోయింది. ఒక ఉదయం కుండ నెత్తిన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, మోకాటి లోతు నీళ్ళలో గుడిపాకకి నడిచింది. ఆ రోజు పంతులుగారూ, పెదనాన్నా కలిసి పాక కప్పు సరిచేస్తున్నారు. అమ్మ గుమ్మం అవతలే నిలబడింది.

"బావగారూ, ఇవి పట్టండి. పట్టి, ఒక్క సోలెడు నా బిడ్డకి సంఘం తరఫున మీరే ఇవ్వండి. నా అంతట నేను తీసుకోలేను."

పెదనాన్న చేతిలో తాటాకు కింద పెట్టాడు. "వెలి ఉండగా పట్టడం కుదరదమ్మా."

"పోనీ మీకు అక్కర్లేదని చెప్పండి. ఇవి దేవుడివి కావు, నువ్వే వండుకో అనండి. వండుకుంటాను."

"సంఘం తీసుకోనిదాన్ని సంఘం ఎలా వదులుతుంది? అది నా చేతిలో లేదు. అయ్యగారు రానీ, అడుగుదాం."

అయ్యగారు ఏలూరులో ఉన్నారు. మధ్యలో సముద్రమంత నీరుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. పెదనాన్న దుర్మార్గుడు కాడు, అదే వచ్చిన చిక్కు. దుర్మార్గుడైతే తిట్టి పోసి వచ్చేసేవాళ్ళం. ఆయన దగ్గర రూలు ఒకటి ఉంది. దానికోసం ప్రాణం లాంటి డప్పుని కాల్చుకున్నాడు. ఇప్పుడు దాన్ని సోలెడు బియ్యానికి వదిలేస్తే, మరి ఆ డప్పు ఎందుకు కాల్చుకున్నట్టు?

మేము వెనక్కి తిరిగాక పంతులుగారు మా వెనకే నీళ్ళలో దిగి వచ్చారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "వండుకోండమ్మా. దేవుడేమీ అనుకోడు," అన్నారు.

అమ్మ ఆగింది. "ఆ మాట ఆదివారం అందరి ముందూ చెబుతారాండీ?"

ఆయన పాకవైపు తిరిగి చూశారు.

"అయితే నాకెందుకు చెబుతున్నారండీ," అని అమ్మ నడిచింది.

నాకిప్పటికీ ఆ నీళ్ళలోనే నిలబడి మా అమ్మ జుట్టు పట్టుకుని ఊపాలనిపిస్తుంది. ఆ పిరికి మాట చాలదా? దాన్ని పట్టుకుని ఇంటికొచ్చి పొయ్యి రాజేస్తే ఏం పోయింది? ఆవిడ పంతం ఆవిడదీ, పెదనాన్న పంతం పెదనాన్నదీ, ఇద్దరూ దేవుణ్ణి చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. పిల్ల మధ్యలో పడింది.

మర్నాడు అమ్మ నత్తలకి వెళ్ళినప్పుడు నేను కుండ మూత తీశాను. ఒక్క పిడికెడు తీశాను. పొయ్యి రాజేస్తే పొగ కనపడి అమ్మ పరిగెత్తుకొస్తుందని, బియ్యం నీళ్ళలో నానబెట్టి, రాతి మీద నూరి, ఆ పచ్చిపాలు చెల్లికి పట్టాను. అది సగం తాగింది. తాగి నవ్వింది. ఆ నవ్వు గురించి నేను ఏ సాక్ష్యంలోనూ చెప్పను. తర్వాత బియ్యం చదును చేసి సిలువ గీశాను, చాలా జాగ్రత్తగా, తిన్నగా గీశాను.

అదే నేను చేసిన పొరపాటు. అమ్మ వచ్చి మూత తీసీ తియ్యగానే నాకేసి చూసింది. అడ్డగీత తిన్నగా ఉంది. ఏమీ అడక్కుండానే పుల్ల తీసుకుని కొట్టింది. కొడుతూ ఆవిడే ఏడ్చింది. "దానికేమన్నా అయితే నీవల్లే," అంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

మూడో నాడు పొద్దున్నే చెల్లి పోయింది. జ్వరం అని అన్నారు. నేను జ్వరం అని ఏనాడూ అనలేదు. కుంచెడు బియ్యానికి రెండు మూరల దూరంలో ఆకలితో పోయింది. అమ్మ మాత్రం చచ్చిపోయేదాకా ఆ పిడికెడే చంపిందని మనసులో అనుకుంది. ఒక్కసారి కూడా పైకి అనలేదు. అనకపోవడం చూసి చూసి నేను పెద్దదాన్నయ్యాను.

అమ్మ ఏడుపు వినపడగానే రైలుపట్టా మోగింది. పంతులుగారు పెదనాన్నని అడక్కుండానే కొట్టారు. అది విని పేట పేటంతా నీళ్ళలో దిగి మా ఇంటికొచ్చింది. నాలుగు నెలలుగా మా గుమ్మంకేసి చూడనివాళ్ళు అమ్మని పట్టుకుని భోరుమన్నారు. ఒకావిడ నాకు తల దువ్వింది. పంతులమ్మగారు తన పెళ్ళినాటి తెల్లచీర చింపి చెల్లికి చుట్టారు. వెలి ఉంది కదా అని ఎవరో గొణిగితే, "చావుకి వెలి లేదు," అన్నాడు పెదనాన్న. చెల్లిని తనే చేతుల మీదికి తీసుకున్నాడు. నడుం లోతు నీళ్ళలో, దానికి చుక్క తడి తగలకుండా ఎత్తి పట్టుకుని, దిబ్బ దాకా మోశాడు. గొయ్యి తనే తవ్వాడు, మట్టి తనే వేశాడు. 

ఆ రోజు ఆడవాళ్ళందరూ తమ తమ దేవుడి కుండల్లోంచి తీసి మాకు జావ కాచి తెచ్చారు. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు, ఇరుగుపొరుగే పెట్టాలి, అది మా ఆచారం. మూడు రోజులు పెట్టారు. పేటలో ఎవరి ఇంట్లోనూ నిండుకుండ లేదు, అయినా పెట్టారు. నేను తాగాను. అంత మంచివాళ్ళు మా వాళ్ళు. నిన్నటిదాకా ఎక్కడున్నారని అడగడానికి నాకు ఆనాడు నోరు రాలేదు, వచ్చాక అడగాల్సినవాళ్ళు లేరు.

నీళ్ళు తీశాక నాన్న వచ్చాడు. మిల్లులో పని దొరక్క స్టేషను దగ్గర పడి ఉన్నాడట, ఉత్త చేతులతో వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పేశారు. ఇంట్లోకి రాకుండా నేరుగా దిబ్బకెళ్ళి, అక్కణ్ణుంచి నేరుగా పెదనాన్న ఇంటికి వెళ్ళి, "ఆదివారం చెబుతానన్నయ్యా," అన్నాడు.

ఆ ఆదివారం అయ్యగారు ఏలూరు నుంచి దోనెలో వచ్చారు. నాన్న నడుముకి కండువా కట్టుకుని, తప్పు చేశాను, క్షమించండి అన్నాడు. అయ్యగారు ఆయన తలమీద చెయ్యి పెట్టారు. మమ్మల్ని కలుపుకున్నారు, బల్ల ఇచ్చారు. పెదనాన్న తమ్ముణ్ణి కావిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ కుండ పట్టుకుని గంప దగ్గరికి వెళ్ళింది. ఈసారి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు. కుంచెడు బియ్యం, అప్పటికే పురుగు పట్టిన బియ్యం, జలజలా గంపలో పడ్డాయి. ఇన్నాళ్ళ కష్టంలోనూ ఈ తల్లి పిడికెడు మానలేదు చూడండి అని అయ్యగారు మెచ్చుకున్నారు. పిల్లలు ఇద్దరు కదా, ఒకర్ని పోగొట్టుకున్నారు, ఈ పిల్లని ఏలూరు బోర్డింగుకి పంపండి, చదువు సంఘం చూసుకుంటుంది అని కూడా అప్పుడే అన్నారు. నా బతుకంతా ఆ మాటలోంచే వచ్చింది.

ఆరాధన చివర పంతులుగారు లేచి, ఈ వారం ఎవరి పొయ్యి వెలగలేదో వాళ్ళు ముందుకి రావాలన్నారు. మా అమ్మని పిలిచారు. అమ్మ వెళ్ళి కొంగు పట్టింది. గంపలో పైన ఉన్నవి మావే, పురుగుల బియ్యం పోల్చుకోడం ఎంతసేపు. పెదనాన్న వాటినే మానికతో కొలిచి అమ్మ ఒళ్ళో పోశాడు. పోసి, "స్తోత్రం చెప్పమ్మా," అన్నాడు మెత్తగా.

"స్తోత్రం," అంది అమ్మ. వెనక అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

ఇంటికొచ్చి అమ్మ పురుగులు చెరిగింది. కడిగేముందు ఒక పిడికెడు తీసి ఖాళీ కుండలో వేసింది, పైన సిలువ గీసింది, అడ్డగీత కుడికి ఒరిగింది. తర్వాత పొయ్యి రాజేసి అన్నం వండి ముగ్గురికీ పెట్టింది. నెలల తర్వాత అన్నం. పురుగు వాసన కొట్టింది, అయినా నాకు చాలా రుచిగా ఉంది. తింటుంటే చెల్లి గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చినా ఆగలేదు, కంచం చాచి ఇంకొంచెం పెట్టమన్నాను.